వీశెడు పసుపు

మా తాతగారి నెత్తిన తెల్లటోపీ పెట్టారు.

ఆగస్టు రెండో వారం. బ్యాంకు పని చూసుకుని ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని మా ఇంటికి తిరిగి వస్తున్నాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్కన, మా తెలుగు సంఘం హాలు ముందు ఇద్దరు మనుషులు నిచ్చెనలు వేసుకుని పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. నేనెక్కిన టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఆపమన్నాను. పై వరసలో దేశమంతటికీ తెలిసిన నాయకులు. కింద "మన తెలుగు స్వాతంత్ర్య సమరయోధులు" అన్న అక్షరాలు, వాటి కింద అయిదు ముఖాలు. మూడోది మా తాతగారిది. ఆయన జరీ తలపాగా తీసేశారు. దాని చోట కంప్యూటరులో ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించిన ఖద్దరు టోపీ. అది వంకరగా ఒక చెవి మీదికి జారి ఉంది. బుగ్గలకు గులాబీ రంగు పూశారు. పెదవులకు కూడా.

నేను టోటో దిగలేదు. నడిబజారులో నిలబడి నిచ్చెన మీది మనిషితో వాదించే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఫొటో ఇచ్చింది నేనే. జూలైలో సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. గోల్ బజార్‌లో స్టీలు సామాను కొట్టు ఉన్న మనిషి. చెమట తుడుచుకుంటూ, కూర్చోమనకుండానే కూర్చుని మొదలుపెట్టాడు.

"మనవాళ్ళందరూ అంటన్నారండి, టీచరమ్మగారి తాతగారు ఆ రోజుల్లో పెద్ద లీడరు అని. ఈ ఏడు పంద్రాగస్టు ఘనంగా సేస్తన్నాం. ఒక్క ఫొటో ఇయ్యండి, సాలు."

"లీడరు కారు. శాసనసభ సభ్యులు," అన్నాను.

"లీడరంటే అదే కదండీ."

ఫొటోతో పాటు ఒక కాగితం మీద నా చేత్తో నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. ఆయన ఏ చట్టం కింద, ఏ ప్రాంతం నుంచి ఎన్నికయ్యారో రాశాను. సమరయోధుడన్న మాట అందులో లేదు. ఆ కాగితం కొట్టులో గిన్నెలు చుట్టడానికి పనికొచ్చి ఉంటుంది.

మాది శ్రీకాకుళం వైపు చిన్న జమీ. పదకొండు ఊళ్ళు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకే జమీలు పోయాయి. మా నాన్నగారు ఖరగ్‌పూర్ వచ్చి రైల్వేలో గుమాస్తాగా చేరారు. దివాణంలో పుట్టిన మనిషి రెండు గదుల క్వార్టరులో కాపురం పెట్టారు. తాతగారు కూడా మాతోనే వచ్చారు. నేను ఇక్కడి రైల్వే ఆసుపత్రిలోనే పుట్టాను. నాకు పదకొండేళ్ళు వచ్చేవరకూ ఆయన ఉన్నారు. సాయంత్రం వర్కుషాపు సైరను మోగే వేళకు కోటు తొడుక్కుని, తలపాగా పెట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నూనె మరకల బట్టలతో వందల మంది సైకిళ్ళ మీద పోయేవారు. ఎవరూ ఆయన వైపు చూసేవారు కాదు. ఆయన మాత్రం వీపు ఆన్చకుండా, వాళ్ళంతా తనను చూడడానికే పోతున్నట్టు కూర్చునేవారు. నేనూ ఆయన పక్కన ముక్కాలిపీట మీద అలాగే కూర్చునేదాన్ని. ఇవాళ్టికీ నాకు కుర్చీకి వీపు ఆన్చడం చేతకాదు.

నేను రైల్వే బడిలో తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర చెప్పాను. పిల్లలకు నిద్ర తెప్పించే పాఠం ఒకటి ఉండేది. బ్రిటిషువాళ్ళు చేసిన రాజ్యాంగ సంస్కరణలు. తొమ్మిది నాటి చట్టం, పంతొమ్మిది నాటి చట్టం, ముప్పై అయిదు నాటి చట్టం. ఏ చట్టంలో ఎవరికి ఓటు, గవర్నరుకి ఏ అధికారం, మంత్రులకి ఏ శాఖ. మధ్యాహ్నం ఎండలో ఆ పాఠం వింటూ వెనక బెంచీలు సోలిపోయేవి. వాళ్ళను లేపడానికి ఏటేటా ఒక కథ చెప్పేదాన్ని. ఇంట్లో నేను విన్న కథ.

"ముప్పై అయిదు నాటి చట్టం వచ్చాక ఎన్నికలు జరిగాయి," అని మొదలుపెట్టేదాన్ని. "అందరికీ ఓటు లేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి, లేదా చదువు ఉండాలి. అయినా ఓటున్న రైతుల్లో చాలామందికి అక్షరం రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు. ఓటరు తెర వెనక్కి వెళ్ళి తనకు నచ్చిన రంగు పెట్టెలో చీటీ వెయ్యాలి. స్వరాజ్యం కావాలన్న పార్టీది పసుపురంగు పెట్టె. ఊరూరా వలంటీర్లు పసుపు పెట్టె అని పాటలు కట్టి పాడారు. మా తాతగారు వాళ్ళకు ఎదురు నిలబడ్డారు. ఆయనది తెల్ల పెట్టె."

ఇక్కడికి వెనక బెంచీలు కూడా కళ్ళు తెరిచేవి.

"పోలింగు మా దివాణం వారి బడిలోనే. ముందురోజు సాయంత్రం పెట్టెలు వచ్చాయి. మా దివాణంలో ఒక పనిమనిషి ఉండేది. వట్టి అమాయకురాలు. అది దొరగారి పెట్టె అని తెలిసి, భక్తి పట్టలేక ఏం చేసిందో తెలుసా? విశ్వకర్మ పూజనాడు మీ నాన్నలు మిషన్లకు బొట్టు పెట్టరూ, అలాగ ఆ పెట్టెకు పూజ చేసింది. నాలుగు వైపులా పసుపు పట్టించి, కుంకుమ బొట్లు పెట్టింది. మర్నాడు పొద్దున్న తెర వెనక ఎన్ని పసుపు పెట్టెలు?"

"రెండు!" అని క్లాసంతా అరిచేది. నవ్వులు. బల్లల మీద చరుపులు.

పసుపు పెట్టె అని పాడుకుంటూ వచ్చిన రైతులు దగ్గరున్నదానిలో వేసి పోయారు. ఆ ఒక్క బడిలో పడిన ఓట్లే తాతగారిని గట్టెక్కించాయి. ఓడినవాళ్ళు ఫిర్యాదు చేస్తే విచారణకు ఒక అధికారి వచ్చాడు. పాపం, అజ్ఞానంతో చేసింది, దాన్ని వదిలెయ్యండి అని తాతగారే ఆయన్ని అడిగారు. అధికారి నవ్వుకుని ఫిర్యాదు కొట్టేశాడు. ఇదీ కథ. చివర ఒక నీతి కూడా చెప్పేదాన్ని. చదువు లేనివాళ్ళ చేతికి అధికారం ఇస్తే ఏమవుతుందో చూశారా, అని. ఆ మాట నా నోటితో, సుద్దముక్క పట్టుకుని, ముప్పై ఏళ్ళు అన్నాను.

ఫ్లెక్సీ చూసిన మర్నాడు సాయంత్రం సంఘం మీటింగు. నేను ఎప్పుడూ వెళ్ళను. ఆ రోజు వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడెనిమిది మంది, కాగితం కప్పుల్లో టీ, నూనె కారుతున్న, ఇక్కడ సింగాడాలనే సమోసాలు. నన్ను చూసి అందరూ లేచారు. నేను కూర్చోలేదు.

"ఆ టోపీ ఎవరు పెట్టారు?" అన్నాను.

"బాగుంది కదండీ?" అన్నాడు కార్యదర్శి. "తలపాగాతోటి ఉంటే జమీందారులాగ ఉన్నారండి."

"ఆయన జమీందారే."

"ఇప్పుడది ఎందుకండి మనకి? ఎమ్మెల్యే వస్తన్నాడు. జమీందారు బొమ్మకి దండ ఏయమంటే ఏటి బాగుంటాది?"

"ఆయన సమరయోధులు కారు. జైలుకు వెళ్ళలేదు. ఒంటి మీద లాఠీ దెబ్బ పడలేదు. స్వరాజ్యం అన్నవాళ్ళకు ఎదురు నిలబడి గెలిచారు."

"గెలిసినారా లేదా? మనకి కావాల్సింది అదే. ఎటుపక్క నిలబడినారో ఎవుడు అడిగినాడు?"

రిటైరైన గార్డు ఒకాయన సింగాడా నములుతూ అందుకున్నాడు. "టీచరమ్మా, ఆ కాలం మనుషులందరూ ఫైటర్లే. మా బావ కూడా పెద్ద ఫైటరు. మా అక్కతోటి రోజూ ఫైటింగే." అందరూ పగలబడి నవ్వారు.

ఈ మనుషులకు అబద్ధం చెప్పాలన్న కసి కూడా లేదు. ఏ ముఖం మీద ఏ టోపీ అయినా ఒకటే. దేశం కోసం నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళూ, వాళ్ళను కొట్టించినవాళ్ళూ ఒకే ఫ్లెక్సీ మీద, ఒకే గులాబీ బుగ్గలతో. నాకు వాళ్ళ ముఖాల్లోకి చూడాలంటే రోత పుట్టింది. మా తాతగారికి ఎవరి టోపీ అక్కర్లేదని చూపించాలనుకున్నాను. పసుపు పెట్టె ఊరూరా గెలుస్తున్న రోజుల్లో గెలిచిన మనిషి అని చెప్పి, అలవాటు కొద్దీ కథంతా చెప్పాను. పసుపు, కుంకుమ, రెండు పెట్టెలు, అన్నీ.

"అబ్బబ్బా, భలేగుందండి!" కార్యదర్శి చేతులు చరిచాడు. "దీన్ని స్టేజీ మీద ఏద్దాం. పనిమనిషి ఏషం దీదీ ఏస్తాది. ఏం దీదీ?"

దీదీ అన్నది మూలన కూర్చుని ఉన్న ఆవిడని. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తరాలుగా ఉన్న తెలుగు క్రైస్తవుల ఇంటి మనిషి. నా విద్యార్థిని కూడా. ఆవిడ నవ్వలేదు.

"ఎంత పసుపు టీచర్?" అంది.

"ఎంత పసుపు ఏమిటి?"

"పెట్టెకి పూసినది. మా మామ్మ వీశెడు అని సెప్పేది. రోట్లో ఏసి దంచినది ఆమే. చేతులు నెల్లాళ్ళు పచ్చగానే ఉండిపోనాయంట."

వీశె అంటే ఇప్పటి తూకంలో కిలోన్నరకు కాస్త తక్కువ. పూజకు చిటికెడు చాలు.

"దీదీ, టీ సల్లారిపోతన్నాది," అన్నాడు కార్యదర్శి.

ఆవిడ లేచి సంచీ భుజాన వేసుకుంది. "ఎనిమిదో క్లాసులో ఈ కథ సెప్పినారు టీచర్ మీరు. నేను నాలుగో బెంచీ. నేనూ నవ్వినాను. అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే ఏటి అని అడుగుతారు కదా." నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేదాకా ఆవిడ మీద మండిపడుతూనే ఉన్నాను. ఎవరో ముసలమ్మ ఏదో చెప్పి ఉంటుంది, దాన్ని పట్టుకుని నలుగురిలో నన్ను నిలదీస్తుందా అనుకున్నాను. రుజువు చూపిద్దామని పాత కాగితాల పెట్టె తెరిచాను. విచారణలో తాతగారు ఇచ్చిన వాంగ్మూలం నకలు నా దగ్గర ఉంది. ఆయన దస్తూరీలోనే. ఎంత అందమైన దస్తూరీ అది! ఎప్పుడు చదివినా ఆ అక్షరాలు చూస్తూ మురిసిపోయేదాన్ని. ఈసారి నాలుగో వరసలో ఆగిపోయాను. "నా దివాణమున చాకిరీ చేయు ఒక పంచమ స్త్రీ, భక్తిచేతను అజ్ఞానముచేతను" అని ఉంది.

పంచమ అంటే ఆ రోజుల్లో ఊరి బయట ఉంచిన కులాలకు సర్కారు కాగితాల్లో రాసే మాట.

మా ఇంటి కట్టుబాట్లు మా నాయనమ్మ నాకు గర్వంగా చెప్పేది. ఆ మనుషులు దివాణం మెట్లు ఎక్కకూడదు. వాళ్ళకు నీళ్ళు పై నుంచి దోసిట్లో పొయ్యాలి. కారం, పసుపులాంటి పొడి సరుకుకు మైల లేదని గొడ్లసావిడి వెనక రోలు వేసి వాళ్ళ చేత దంచించేవారు. అంతే. అలాంటి మనిషి, పోలింగు పెట్టిన బడి మెట్లెక్కి, దొరగారి పెట్టె ముట్టుకుని, కుంకుమ బొట్లు పెట్టి పూజ చేసిందట. దివాణంలో ఎవరూ చూడలేదట. చూసినా ఆ పెట్టెను కడగకుండా అలాగే వదిలేశారట. ఇక పసుపు ఎక్కడిది? సరుకుగది తాళంచెవి మా నాయనమ్మ మొలలోంచి దిగేది కాదు. ఎండుమిరపకాయలు కూడా ఎంచి ఇచ్చే ఇల్లది. వీశెడు పసుపుకొమ్ములు ఆ గదిలోంచి బయటికి వచ్చాయంటే తాతగారు చెప్పి ఉండాలి, నాయనమ్మ తూచి ఉండాలి. దంచింది ఆ మనిషి. పూసింది, మెట్లెక్కగలిగిన చేతులు.

ఇది తెలుసుకోవడానికి కొత్త కాగితం ఏదీ అవసరం లేకపోయింది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే ఇవన్నీ. చరిత్ర టీచరుని. సాక్ష్యాన్ని సాక్ష్యంతో పోల్చి చూడాలని పిల్లలకు చెప్పినదాన్ని. ముప్పై ఏళ్ళలో ఒక్క మధ్యాహ్నం కూడా నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? తట్టకుండా ఉండడానికే ఆ కథను అంత నవ్వుగా అల్లారు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందు, గాలి ఎటు తిరిగిందో తెలిశాక, మా తాతగారు కూడా ఖద్దరు కట్టారు. పసుపు పెట్టె పార్టీలో ఎవరెవరినో కలిశారు, వాళ్ళు చేర్చుకోలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఫ్లెక్సీ చేసినవాడు ఏమీ తెలియకుండానే ఆయన కోరుకున్న టోపీనే ఆయనకు పెట్టాడు.

మర్నాడు పొద్దున ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు నడిచి వెళ్ళాను. నేను పెరిగిన క్వార్టరుకు మూడు వరసల అవతల ఆవిడ ఇల్లు. చిన్నప్పుడు ఆ వరసలోకి వెళ్ళనిచ్చేవారు కాదు. పెద్దయ్యాక వెళ్ళే పని పడలేదు. ఆవిడ గుమ్మం ముందు ఇడ్లీ పాత్ర తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని కుర్చీ వేసింది.

"టీ తాగుతారా టీచర్? తాగరేమో."

"తాగుతాను."

"పాలు అయిపోనాయి. లాల్ చా ఇస్తాను."

పాలు లేని ఆ ఎర్రటి టీ తాగాను. ఆవిడ చెప్పింది. మధ్యలో ఎక్కడా గొంతు పెంచలేదు.

"పెట్టెలు వచ్చిన సాయంత్రమే బంగళాలోంచి పసుపుకొమ్ములు వచ్చినాయంట. చీకటి పడకముందు దంచి ఇచ్చేయాలని సెప్పినారంట. ఎందుకో మా మామ్మకి తెల్దు. పెళ్ళేమో అనుకున్నాది. ఓట్లు అయిపోనాక వలంటీర్లు ఊళ్ళో అందరి చేతులూ సూసినారు. ఈమె చేతులు దొరికినాయి. విచారణలో ఆపీసరు అడిగినాడు, నువ్వేనా పూసినావు అని. వెనకాల దివాణం గుమాస్తా నిలబడున్నాడు. అవునండి అన్నాది."

"తరవాత?"

"తరవాతేటి ఉన్నాది. ఓటు పోయినోళ్ళు బావి దగ్గిర నీళ్ళు పొయ్యడం మానేసినారు. దివాణానికి ఎల్తే, నీ వల్ల మాకు చెడ్డపేరు వచ్చింది, పొద్దుగూకేలోగా ఊరు ఖాళీ చెయ్యి అన్నారు. స్వరాజ్యంవోళ్ళూ తరిమినారు, దొరా తరిమినాడు. తాత, మామ్మ రైలెక్కి ఇక్కడ దిగినారు. తాత పట్టాల మీద గ్యాంగుమేనుగా చేరినాడు. నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా మామ్మ ఉండేది. ఆమెకి ఓటే లేదు టీచర్. ఓట్లు కొట్టేసినాది అని పేరు."

మా ఇల్లు ఈ ఊరికి రావడానికి పదేళ్ళ ముందే, మా ఇంటివాళ్ళు తరిమిన మనిషి ఇక్కడ ఉంది. సాయంత్రాలు తాతగారు కోటు తొడుక్కుని కూర్చునేటప్పుడు ఆ దారిన సైకిలు మీద పోయినవాళ్ళలో ఆమె భర్త కూడా ఉండేవాడేమో. అడగలేదు. అడిగే ముఖం లేదు.

"నీకేం కావాలి?" అన్నాను. నా చెవికే అది దివాణం మాటలా వినిపించింది. ఆవిడ పట్టించుకోలేదు.

"నా కూతురు కూడా మీ దగ్గిరే చదివింది కదా. ఒకరోజు బడి నుంచి వచ్చి, అమ్మా, ఇవాళ టీచర్ ఒక పిచ్చిదాని కథ సెప్పినారు అని కడుపు పట్టుకుని నవ్వినాది. నేను అన్నం వడ్డిస్తన్నాను. అది మన మామ్మే అని నోటిదాకా వచ్చినాది. సెప్పలేకపోయినాను. ఇప్పటికీ సెప్పలేదు. నేను సెప్తే, అమ్మ ఊరికే బాధపడతన్నాది అనుకుంటాది. బడిలో టీచర్ సెప్పింది నిజం. ఇంట్లో అమ్మ సెప్పింది సోది. మీరే పెట్టినారు దాని బుర్రలో. మీరే తియ్యాల."

"ఎలా తీయమంటావు?"

"నాకేటి తెలుస్తాది? టీచరు మీరు."

పంద్రాగస్టునాడు అందరి ముందూ చెప్తానన్నాను. "సరే," అంది. నమ్మినట్టు లేదు.

ఈ లోపల కార్యదర్శికి సంగతి చేరింది. జెండా పండుగ పొద్దున నేను హాలు దగ్గరికి వెళ్ళేసరికి ఆవిణ్ణి పట్టుకుని బతిమాలుతున్నాడు.

"దీదీ, మీ మామ్మగారి ఫొటో ఏదైనా ఉంటే ఇయ్యి. ఇప్పుడే కొట్టించేస్తాను. ఆరో బొమ్మ. పసుపు చేతులతోటి, కింద వీరవనిత అని. ఠీక్ హై?"

"మా మామ్మ ఏ వనితా కాదు దాదా. ఆమె సెయ్యని పని ఆమె మీద ఉన్నాది. అది తీసెయ్యండి సాలు. కొత్తది ఏటీ పెట్టొద్దు."

"మంచికే కదా సెప్తన్నాను!" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. ఈ మనుషులతో ఇదే రోత. నింద వేసినా వాళ్ళే, దండ వేసినా వాళ్ళే, రెండిటికీ వాళ్ళకు పట్టే సమయం ఒక్కటే. మా తాతగారి ముఖాన్ని తీసెయ్యమని అప్పటికే నేను కబురు చేశాను. తియ్యలేదు. ఆ ముఖం మీద మూడు రంగుల బెలూన్ల గుత్తి కట్టారు. గాలి వీచినప్పుడల్లా పక్కకు తొలగి టోపీ కనపడుతోంది.

జెండా ఎగిరింది. సమరయోధుడి మనవరాలిగా నన్ను పిలిచి శాలువా కప్పారు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి మైకు అందుకున్నాను. నేను ఎప్పుడూ కాగితం చూసి మాట్లాడను. ఆ రోజు రాసుకున్న కాగితం తీశాను. ముందు వరసల్లో నా పాత విద్యార్థులు, వాళ్ళ పిల్లలు.

మా తాతగారు సమరయోధులు కారని చెప్పాను. మీలో చాలామందికి క్లాసులో పసుపు పెట్టె కథ చెప్పాను, అది అబద్ధం అని చెప్పాను. పసుపు పూయించింది మా తాతగారు, తూచి ఇచ్చింది మా నాయనమ్మ, దంచమంటే దంచిన మనిషి మీద నేరం మోపి ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు, ఆ విధంగా ఆయన గెలిచారు అన్నాను. గెలిచారు అన్న మాట దగ్గర వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా కొట్టింది. ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాను. చదువు లేనివాళ్ళ వల్ల కాదు, ఆ ఓట్లు చదువుకున్నవాళ్ళ చేతిలో పాడయ్యాయి అన్నాను. దీనికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కూర్చోబోతుంటే మూడో వరసలోంచి ఆవిడ లేచింది.

"పేరు సెప్పండి టీచర్."

నాకు ఆ పేరు తెలియదు. వాంగ్మూలంలో లేదు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఆవిడ ఇంట్లో కూర్చుని టీ తాగిన రోజున కూడా నేను అడగలేదు. మైకు ముందు నిలబడి, "నాకు తెలియదు," అన్నాను. ఆవిడ గట్టిగా చెప్పింది. నేను దాన్ని మైకులో తిరిగి చెప్పాను, పలకడంలో తప్పు పోతే ఆవిడ దిద్దింది, మళ్ళీ చెప్పాను. ఈ రాతలో ఎవరి పేరూ లేదు. ఆ పేరు, మా తాతగారి పేరు పక్కపక్కన అచ్చులో చూసే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

దిగి వస్తుంటే కార్యదర్శి స్వీటు పొట్లం చేతిలో పెట్టి చెవిలో అన్నాడు. "ఏటండి టీచరమ్మా, ఎమ్మెల్యే ముందర ఇలాగా? అదృష్టం బాగుండి ఆయనకి తెలుగు రాదు." ఆ ఎమ్మెల్యే నేను మాట్లాడినంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. వెళ్ళేముందు నాకు నమస్కారం పెట్టి, తాతగారి లాంటి వారు ఇప్పుడు ఎక్కడున్నారని బెంగాలీలో అన్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. గేటు దగ్గర ఆవిడ నా కోసం నిలబడి ఉంది.

"ఇక్కడున్నోళ్ళందరూ విన్నారు. వినాల్సింది వినలేదు. నా కూతురు భువనేశ్వర్‌లో ఉన్నాది, బ్యాంకులో. ఇవాళ సెలవు. సాయంత్రం ఇంట్లోనే ఉంటాది."

ఆరింటికి వెళ్ళాను. ఆవిడ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను నా ముందు బల్ల మీద ఉంచింది. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నేను, మీ చరిత్ర టీచరుని," అన్నాను.

"టీచర్! మీరా! అమ్మ ఫోనులోనా? ఎలాగున్నారు?" ఆ పిల్ల గొంతులో ఎంత సంతోషం! "మీ పసుపు పెట్టె కథ ఇక్కడ మా ఆఫీసులో అందరికీ సెప్పినాను, తెలుసా?"

గుమ్మంలో తల్లి కదల్లేదు.

"నవ్వారా?" అన్నాను.

"నవ్వరా మరి! పడి పడి నవ్వినారు."

"అయితే ఓసారి కూర్చో," అన్నాను. "ఆ కథ నేను నీకు తప్పు చెప్పాను."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఈసారి పేరుతో మొదలుపెట్టాను.